గుంత పూడ్చకముందే అడగండి: రోడ్డు కోసం గ్యాస్ లైను జరుపుతున్నప్పుడు

నల్గొండ శివారు కాలనీ వాసులు అడిగింది క్లుప్తంగా ఇది. మిర్యాలగూడ వైపు వెళ్లే రోడ్డును నాలుగు వరుసలకు వెడల్పు చేస్తున్నారు. ఇప్పటిదాకా రోడ్డు పక్కన ఉన్న గ్యాస్ పైపు కొత్త రోడ్డు కిందికి వస్తుంది కాబట్టి దాన్ని ఇళ్ల వైపు జరుపుతామని సున్నంతో గీతలు గీశారు. కొన్ని ఇళ్లకు ఆ గీత ప్రహరీని ఆనుకునే పోతోంది. ఇది ప్రమాదమా? ఆపించవచ్చా? ఎవరిని అడగాలి? స్థలం పోతే పరిహారం వస్తుందా?

పైపులు వేసే పనిలో, జరిపే పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిగా ముందు నా అభిప్రాయం చెబుతాను. పైపు మీ ఇంటికి రెండు మీటర్లు దగ్గరగా జరగడం కన్నా, అది రోడ్డు కిందే ఉండిపోవడం ఎక్కువ ప్రమాదం. తారు రోడ్డు కింద లీకైన గ్యాస్ పైకి రాలేక పక్కలకు పాకుతుంది. డ్రైనేజీ మ్యాన్‌హోళ్లలోకి, పునాదుల కిందికి చేరుతుంది. మరమ్మతు చేయాలంటే రోడ్డు పగలగొట్టాలి. అందుకే జరపడం సరైన నిర్ణయమే. మీరు పట్టుబట్టాల్సింది ఎలా జరుపుతున్నారన్న దాని మీద. అది చూడగలిగే సమయం గుంత తెరిచి ఉన్న ఆ కొద్ది రోజులే. మట్టి కప్పేశాక పైపు ఎలా ఉందో మీకూ కనబడదు, అధికారికీ కనబడదు.

మొదట తెలుసుకోవాల్సింది అది ఏ పైపు అని. అందరూ గ్యాస్ పైపు అని ఒకే మాట అంటారు కానీ మూడు రకాలుంటాయి, మూడింటి ప్రమాదం వేరు. ఇళ్లకు వంటగ్యాస్ ఇచ్చే పసుపు లేదా నారింజ రంగు ప్లాస్టిక్ పైపు ఒకటి. అందులో పీడనం సాధారణంగా 4 బార్ల లోపే. కారు టైరులో ఉండే గాలి దాదాపు 2 బార్లని గుర్తుంచుకుంటే అంచనాకు వస్తుంది. ఇంటి పొయ్యి దగ్గరకు వచ్చేసరికి అది 21 మిల్లీబార్లకు (మిల్లీబార్ అంటే బార్‌లో వెయ్యో వంతు) తగ్గుతుంది. రెండోది పట్టణానికి గ్యాస్ తెచ్చే ఉక్కు పైపు. అందులో 49 బార్ల దాకా ఉండవచ్చు. మూడోది రాష్ట్రాలు, జిల్లాలు దాటిపోయే పెద్ద లైను. విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్ వైపు ఎల్పీజీ తెచ్చే ప్రభుత్వరంగ సంస్థ గెయిల్ లైను ఉమ్మడి నల్గొండ జిల్లా మీదుగానే పోతుంది. ఎల్పీజీ గాలి కంటే బరువైనది. లీకైతే నేల మీద పాకుతూ పల్లానికి, కాలువల్లోకి చేరుతుంది. ఇళ్లకు వచ్చే సహజవాయువు ప్రధానంగా మీథేన్, గాలి కంటే తేలిక, బయట అయితే పైకి పోతుంది. పారిపోయే దిక్కు కూడా దీన్ని బట్టే మారుతుంది. రోడ్డు పక్కన పాతిన మార్కర్ రాయి లేదా స్తంభం మీద సంస్థ పేరు, అత్యవసర ఫోను నంబరు, పైపులో ఏముందో రాసి ఉంటుంది. దాన్ని ఈ రోజే ఫోటో తీసి పెట్టుకోండి. పనులు మొదలయ్యాక ముందుగా కనబడకుండా పోయేది ఆ మార్కరే.

భయం ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నాటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఫోటోలు చూసిన తెలుగువారెవరూ వాటిని మరిచిపోలేదు, మరిచిపోకూడదు కూడా. అక్కడ కారణం పైపు జరపడం కాదు. తేమ ఉన్న గ్యాస్ ప్రవహించి లోపలి నుంచి తుప్పు పట్టిన పైపు అది. గ్యాస్ లీకైనా పసిగట్టేందుకు అందులో వాసన కలపలేదు. సహజవాయువుకు తనదైన వాసన ఉండదు. ఇళ్లకు ఇచ్చే గ్యాస్‌లో మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కావాలని కలుపుతారు. దూరప్రాంతాల పెద్ద లైన్లలో చాలాచోట్ల కలపరు. కాబట్టి మీ ముందున్నది పెద్ద లైను అయితే 'వాసన రాలేదు కదా' అన్న ధీమా పనికిరాదు. తుప్పు నుంచి పైపును ఎలా కాపాడుతున్నారన్నదే అక్కడ అసలు ప్రశ్న.

ఇక దూరం సంగతి. 'ఇంటికి ఎన్ని మీటర్ల దూరంలో ఉండాలి?' అని అందరూ అడుగుతారు. ఉక్కు పైపు విషయంలో దాని కన్నా పదునైన ప్రశ్న ఒకటుంది: ఈ కొత్త ముక్కను ఏ లొకేషన్ క్లాస్‌కు డిజైన్ చేశారు? పైపుకు రెండు వైపులా సుమారు 200 మీటర్ల మేర, 1.6 కిలోమీటర్ల పొడవునా ఎన్ని ఇళ్లున్నాయో లెక్కగట్టి ఆ ప్రాంతాన్ని నాలుగు తరగతుల్లో ఒకదాంట్లో వేస్తారు. పదిలోపు ఇళ్లుంటే ఒకటో తరగతి, 46 గానీ అంతకు మించి గానీ ఉంటే మూడోది, బహుళ అంతస్తుల భవనాలతో కిక్కిరిస్తే నాలుగోది. ఒకటో తరగతిలో ఉక్కు సాగడం మొదలయ్యే ఒత్తిడిలో 72 శాతం దాకా పైపు గోడ మీద పడనిస్తారు. మూడో తరగతిలో 50 శాతం, నాలుగులో 40 శాతమే. అంటే ఇళ్లు పెరిగేకొద్దీ గోడ మందం పెరగాలి. మన జిల్లాలో పదేళ్ల కింద చెలక భూములుగా ఉన్నవి ఇప్పుడు వెంచర్లు. పాత లైను వేసిననాడు అక్కడ కంది చేలున్నాయి, ఇప్పుడు రెండంతస్తుల ఇళ్లున్నాయి. జరిపే ముక్కనైనా నేటి ఇళ్ల లెక్కతో, రేపు నాలుగు వరుసల రోడ్డు వచ్చాక లేచే దుకాణాలను కూడా కలుపుకుని డిజైన్ చేశారా అని రాతపూర్వకంగా అడగండి. ఈ ప్రశ్న వినగానే అవతలి ఇంజినీరు కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. విషయం తెలిసినవారు అడుగుతున్నారని అతనికి అర్థమవుతుంది.

పైపు జరపడం అంటే ఉన్నదాన్ని తవ్వి పక్కకు లాగడం కాదు. కొత్త దారిలో కొత్త పైపు వేస్తారు. దాన్ని నడిచే పీడనం కంటే ఎక్కువ పీడనంతో పరీక్షిస్తారు. ఉక్కు లైను అయితే నీళ్లు నింపి, ఒత్తిడి పెంచి, సాధారణంగా 24 గంటలు పట్టి ఉంచుతారు. అప్పటిదాకా గ్యాస్ పాత పైపులోనే నడుస్తుంది. చివరి రోజున రెండు కొసల దగ్గర పాతదాన్ని కోసి కొత్తదానికి కలుపుతారు. మొత్తం పనిలో నిజంగా ఊపిరి బిగపట్టాల్సింది ఆ కలిపే రోజు. ఆ చివరి అతుకులను నీటి ఒత్తిడితో పరీక్షించే వీలుండదు. అందుకే ఉక్కు పైపుకైతే వాటికి ఎక్స్‌రే, అల్ట్రాసోనిక్ పరీక్షలు తప్పనిసరి. ఆ రిపోర్టు చూపించమని అడగండి.

ప్లాస్టిక్ పైపు అతుకును మీరు కళ్లతోనే చూసి మంచిచెడ్డలు చెప్పవచ్చు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. రెండు కొసలకు కప్లర్ అనే తొడుగు వేసి, అందులోని తీగలకు కరెంటు ఇస్తే ప్లాస్టిక్ కరిగి రెండూ ఏకమవుతాయి. తొడుగు వేసే ముందు పైపు పైపొరను గీకాలి. ఎండకు, గాలికి బిరుసెక్కిన పొర ఉండగా అతికితే అది పైకి అతుక్కున్నట్టే కనబడుతుంది, లోపల పట్టు ఉండదు. మంచి పనివాడు ముందు పైపు చుట్టూ మార్కర్ పెన్నుతో అడ్డదిడ్డంగా గీతలు గీస్తాడు, ఆ గీతలన్నీ పోయేదాకా గీకుతాడు. గుంత గట్టున పసుపు రంగు పలుచని రజను, చుట్టలు చుట్టుకున్న ప్లాస్టిక్ చెక్కు పడి ఉంటే పని సవ్యంగా జరుగుతున్నట్టు. ఆ చెక్కు ఎక్కడా కనబడకపోతే గీకలేదని అర్థం. తర్వాత క్లాంపు బిగించి, కరెంటు ఆగాక కూడా చల్లారేదాకా కదపకూడదు. ఎంతసేపో ఆ తొడుగు మీదే అచ్చువేసి ఉంటుంది. సాయంత్రం ఐదు దాటాక, వాన పడేలా ఉన్నప్పుడు ఈ చల్లారే సమయాన్నే మింగేస్తారు. వానలో, గుంతలో నీళ్లు నిలిచినప్పుడు గుడారం కట్టకుండా అతుకు వేస్తుంటే ఆగమని చెప్పండి. ఆ మాట చెప్పడానికి మీరు ఇంజినీరై ఉండనక్కర్లేదు.

అయితే నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన పడేది అతుకుల గురించి కాదు, లోతు గురించి, పూడ్చడం గురించి. ప్రధాన పైపు మీద కనీసం 1 మీటరు మట్టి ఉండాలి. రోడ్డు దాటే చోట 1.2 మీటర్లు. మన దగ్గర మూడడుగులు తవ్వకముందే చాలాచోట్ల పరుపుబండ తగులుతుంది. బండను కొట్టడం ఖర్చు, ఆలస్యం. నడుస్తున్న గ్యాస్ లైను పక్కన మందుగుండు పేల్చడం కుదరదు, బ్రేకరుతో మెల్లగా కొట్టాలి. కాంట్రాక్టర్‌కు బిల్లు వేసిన పైపు మీటర్ల లెక్కన వస్తుంది, బండ కొట్టడానికేమో రోజులు పడుతుంది. అక్కడే లోతు రెండడుగులకు జారిపోతుంది. ఒక టేపు తీసుకెళ్లి మీరే కొలవండి, టేపు కనబడేలా ఫోటో తీయండి. నిజంగానే లోతు కుదరని చోట పైపు మీద కాంక్రీటు పలకలు పరచడమో, పైపును గట్టి కేసింగ్‌లో, అంటే బయటి గొట్టంలో పెట్టడమో చేయాలి. ఏమీ చేయకుండా 'ఇక్కడ ఇంతే' అంటే ఒప్పుకోవద్దు.

పూడ్చేటప్పుడు పైపు కింద, చుట్టూ, పైన కనీసం 15 సెంటీమీటర్ల మెత్తటి మట్టి గానీ ఇసుక గానీ ఉండాలి. గుంత తవ్వితే మన దగ్గర బయటపడేది ఏమిటి? మొరం, పలుగురాళ్లు, కత్తి అంచుల్లాంటి గ్రానైటు పెచ్చులు. సాయంత్రం జేసీబీ వచ్చి ఆ కుప్పనంతా ఒక్క తోపుతో తిరిగి గుంతలోకి నెట్టేస్తుంది. అంతా పది నిమిషాల పని. ఉక్కు పైపు మీద ఉండే పాలిథిలిన్ పూతను ఒక రాయి గీరితే అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. ప్లాస్టిక్ పైపును ఒక రాయి మొన ఏళ్ల తరబడి ఒకే చోట నొక్కుతూ ఉంటే అక్కడ సన్నని పగులు నెమ్మదిగా లోపలికి దిగుతుంది. పనిచేసిన రోజున ఏ పరీక్షలోనూ అది దొరకదు. కాంట్రాక్టర్‌కు బిల్లు వస్తుంది, ఇంజినీరుకు బదిలీ వస్తుంది, పైపు కింద రాయి మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే చెబుతున్నాను, మీ కాలనీ నుంచి ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుని పూడ్చే సమయంలో అక్కడ ఉండండి. ఇసుక లేదా జల్లించిన మట్టి ట్రాక్టరు ఉదయమే వచ్చిందా చూడండి. రాకపోతే సాయంత్రం ఏం జరుగుతుందో ముందే తెలిసినట్టే. పైపుకు ఒక అడుగు పైన హెచ్చరిక పట్టీ కూడా పరవాలి. రేపు ఎవరైనా తవ్వితే ముందు అది తగిలి చెయ్యి ఆగుతుంది.

రేపు తవ్వేవారు చాలామందే ఉంటారు. రోడ్డు పనిలో గ్యాస్ సంస్థ ఒక్కటే ఉండదు. విద్యుత్ సంస్థ స్తంభాలు జరుపుతుంది. మిషన్ భగీరథ నీటి పైపులు, ఇంటర్నెట్ కేబుళ్లు అదే అంచుకు జరుగుతాయి. అందరూ వెళ్లాక వాననీటి కాలువ కాంట్రాక్టర్ వస్తాడు, అతనికి కింద ఏముందో చెప్పేవారు ఉండరు. పట్టణాల్లో గ్యాస్ పైపులు దెబ్బతినడానికి ముఖ్య కారణం ఇలా ఇతరులు తవ్వడమే. జేసీబీ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఊహించనిది కొత్త స్తంభం పక్కన ఎర్తింగ్ కోసం సుత్తితో దిగ్గొట్టే కడ్డీ. అది ప్లాస్టిక్ పైపులోంచి సూదిలా దిగిపోతుంది. మన జిల్లాలకు ప్రత్యేకమైన మరో ముప్పు బోరుబావి. నీళ్లు పడలేదని ఇంటి ముందు రోడ్డు అంచుకే రిగ్గును తెచ్చి నిలబెట్టడం ఇక్కడ మామూలే. తవ్వకానికి ముందు సమాచారం ఇవ్వడానికి కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను తెచ్చింది. కాంట్రాక్టర్ అందులో నమోదు చేశాడా అని అడగండి. మీరు బోరు వేసినా, ప్రహరీ పునాది తీసినా ముందు గ్యాస్ సంస్థకు ఫోను చేయండి.

ధర్నా చేసి పని ఆపించాలని కొందరు అంటున్నారట. ఆపించాలనుకుంటే తవ్వకం మొదలుకాక ముందే ఆపించండి. పాత పైపు సగం బయటపడి, కింద ఆధారం లేకుండా వేలాడుతూ, గుంతలో వాననీళ్లు నిండుతున్న స్థితిలో పనివాళ్లను వెళ్లగొడితే అంతకన్నా ప్రమాదకరమైన స్థితి ఈ మొత్తం వ్యవహారంలో ఇంకొకటి లేదు. మీ కోపం న్యాయమైనదే. దాన్ని ఉమ్మడి తనిఖీ రోజున చూపించండి. రోడ్డు శాఖ, గ్యాస్ సంస్థ, కాంట్రాక్టర్ కలిసి దారిని ఖరారు చేసే ఆ రోజున కాలనీ సంఘం నుంచి ఇద్దరిని ఉండనివ్వాలని లేఖ ఇవ్వండి. అటువైపు ఖాళీ స్థలం ఉండగా ఇళ్ల వైపే ఎందుకన్న ప్రశ్నకు నిజంగా జవాబు మారగలిగేది ఆ రోజే.

స్థలం, పరిహారం సంగతి. రోడ్డు హద్దుల్లోనే పైపు జరిపితే మీ అనుమతి అవసరం లేదు, పరిహారమూ ఉండదు. మీ గేటు, ర్యాంపు, కుళాయి లైను పగిలితే తిరిగి బాగుచేసే బాధ్యత మాత్రం పని చేసేవారిదే. ఇక్కడ రెండు చట్టాలను కలిపేసుకోకండి. జాతీయ రహదారి కోసం మీ స్థలం తీసుకుంటే అది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కిందికి వస్తుంది, స్థలం ప్రభుత్వానిదవుతుంది. పెద్ద పైపులైను మీ పొలంలోంచి పోతే అది 1962 నాటి పైపులైన్ల చట్టం. అందులో భూమి మీ పేరు మీదే ఉంటుంది, వాడుకునే హక్కు మాత్రం సంస్థకు పోతుంది. నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చు. పంటనష్టంతో పాటు భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. ఆ పట్టీలో పంట వేసుకోవచ్చు కానీ ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. ఈ 10 శాతం చాలా తక్కువని నా గట్టి అభిప్రాయం. ఊరికి దూరంగా ఉన్న వరి మడికి అది సరిపోతుందేమో కానీ రేపో మాపో ప్లాటు కాబోయే భూమికి న్యాయం కాదు. శివారు వెంచర్లలో ప్లాటు కొనేవారు పైపు పట్టీ ఎక్కడ పోతోందో మార్కర్లు చూసి, సంస్థ దగ్గర రాతపూర్వకంగా తెలుసుకున్నాకే బయానా ఇవ్వండి.

ఎవరిని అడగాలి అంటే, రోడ్డు జాతీయ రహదారి అయితే దాని ప్రాజెక్టు డైరెక్టరును, రాష్ట్ర రోడ్డు అయితే రోడ్లు భవనాల శాఖ కార్యనిర్వాహక ఇంజినీరును, వారితో పాటు గ్యాస్ సంస్థను. ఇద్దరికీ ఒకే లేఖ, కలెక్టరుకు ప్రతి. ఒకరికే రాస్తే ఇంకొకరి మీదికి తోస్తారు. సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఉమ్మడి తనిఖీ నివేదిక, పీడన పరీక్ష సర్టిఫికెట్, పని పూర్తయ్యాక గీసే తుది పటం కావాలని సమాచార హక్కు చట్టం కింద రోడ్డు శాఖను అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. గ్యాస్ పంపిణీ సంస్థల భద్రతా ప్రమాణాలు చూసేది పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి. అక్కడికీ ఫిర్యాదు చేయవచ్చు. ఈ కాగితాలన్నింటిలో నేను ఎక్కువ విలువిచ్చేది తుది పటానికే. పైపు ఎక్కడుందో అది తప్పు చెబితే, తర్వాత తవ్వే ప్రతివాడూ గుడ్డిగా తవ్వుతాడు. పాత పైపును భూమిలోనే వదిలేస్తే అందులో గ్యాస్ పూర్తిగా తీసేశారని, రెండు కొసలూ మూశారని ఆ పటంలో రాసి ఉండాలి.

పైపు కలిపే రోజున మీ ఇళ్లకు గ్యాస్ కొన్ని గంటలు ఆగుతుంది. ఆ పూట పొయ్యి నాబ్‌లు, మీటరు దగ్గరి వాల్వు మూసి ఉంచండి. గ్యాస్ ఆగినప్పుడు మంట ఆరిపోతుంది, నాబ్ తెరిచే ఉంటుంది. సాయంత్రం సరఫరా తిరిగి వచ్చినప్పుడు మంట లేకుండా వంటగదిలోకి గ్యాస్ వచ్చి చేరుతుంది. తాళం వేసి ఊరెళ్లిన ఇళ్ల జాబితాను సంస్థ వారికి ముందే ఇవ్వండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకు పక్కింటివారే వెళ్లి చూడాలి.

తవ్వుతుండగా పైపు తెగితే జేసీబీ ఇంజను ఆపి డ్రైవరు దిగి దూరంగా పోవాలి. ఎవరూ ఫోటోల కోసం దగ్గరకు వెళ్లవద్దు. స్విచ్చులు వేయడం, ఆపడం రెండూ వద్దు. గాలి వచ్చే దిక్కుకు నడిచి వెళ్లి, దూరం నుంచి మార్కర్ మీది నంబరుకు, 101 లేదా 112కు ఫోను చేయండి. ఎల్పీజీ లైను అయితే పల్లం వైపు, కాలువల వైపు అసలు పోవద్దు. లీకైన గ్యాస్ అప్పటికే మండుతుంటే ఆ మంటను ఆర్పే ప్రయత్నం చేయకండి. వాల్వు మూయకుండా మంట ఆర్పితే కనబడని గ్యాస్ పేరుకుంటుంది, అది మంట కన్నా ప్రమాదం.

పని అయిపోయి రోడ్డు ప్రారంభమయ్యాక కూడా రెండు వానకాలాలు గమనించండి. సరిగా దిమ్మిస చేయని గుంత వానకు కుంగుతుంది. ఆ గీత వెంట నేల దిగబడినా, ఒకే వరసలో గడ్డి అకారణంగా ఎండిపోయినా, నిలిచిన నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తున్నా వాసన కోసం ఎదురుచూడకుండా సంస్థకు ఫోను చేయండి. మార్కర్లను తిరిగి పాతకపోతే అది కూడా అదే ఫోనులో చెప్పండి.